ఐదు నుంచి ఆరు వరకు

మన కాలేజీ జిమ్ తలుపు మీద ఒక ఏఫోర్ కాగితం అంటించి ఉంటుంది. ‘గర్ల్స్ టైమింగ్స్: సాయంత్రం 5 నుంచి 6 వరకు’ అని. టేప్ ఊడిపోయి ఒక మూల వేలాడుతూ ఉంటుంది. మిగతా టైమంతా అబ్బాయిలది. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. అంటే వాళ్ళకి ఐదున్నర గంటలు, మాకు ఒక్క గంట. ల్యాబ్ ఉన్న రోజు ఆ గంట కూడా నలభై నిమిషాలే. నాలుగు నలభైకి వదిలితే హాస్టల్‌కి వెళ్ళి, బట్టలు మార్చుకుని, బాటిల్ నింపుకుని, పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఐదూ ఇరవై అయిపోతుంది.

ఆ నలభై నిమిషాల కోసం నేను ఎంతమందిని మనసులో తిట్టుకున్నానో రాస్తే ఈ సంచిక మొత్తం నాకే ఇవ్వాలి. ఈ వ్యాసం కొంత ఆ తిట్ల గురించి, కొంత ఒక మంగళవారం నేనే నా చేతులారా చేసిన పిచ్చిపని గురించి.

ముందు నేను జిమ్‌కి ఎందుకు వెళ్తానో చెప్పాలి. చాలా రోజులు ఎవరడిగినా “ఊరికే, ఫిట్‌నెస్ కోసం” అనేదాన్ని. అసలు కారణం పీసీఓఎస్. ఫస్టియర్ అయిపోయాక ఎండాకాలం సెలవుల్లో శ్రీకాకుళంలో డాక్టరమ్మకి చూపించుకుంటే, స్కానింగ్, రక్త పరీక్షలు చూసి, మాత్రల కంటే ముందు వ్యాయామం గురించి చెప్పింది. “నడక మంచిదే. బరువులు కూడా ఎత్తమ్మా. కండ పనిచేస్తే రక్తంలో ఉన్న గ్లూకోజ్‌ని బాగా వాడుకుంటుంది” అంది. బయటికి రాగానే అమ్మ అన్న మొదటి మాట, “ఈ సంగతి ఎవరికీ చెప్పకు.” రెండో మాట, “బరువులేటే, ఆడపిల్లవి!”

ఇదే సమస్య ఉన్నవాళ్ళు మా ఫ్లోర్‌లోనే నాకు తెలిసి ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ “ఊరికే, ఫిట్‌నెస్ కోసం” అనే చెబుతారు. అందుకే ఇక్కడ పేరు పెట్టి రాస్తున్నాను. ఆ గంట నాకు సరదా కాదు, మందు చీటీలో రాసిన మందు. రోజూ వేసుకోవాల్సిన మాత్రని ఎవరైనా అడ్డం పడి ఆపితే ఎలా ఉంటుందో, ఆ గంటలో ఎవరు అడ్డం వచ్చినా నాకు అలాగే ఉండేది.

ఇక జిమ్ సంగతి. వెళ్ళనివాళ్ళు పెద్దగా ఊహించుకోకండి. ఒక క్లాస్‌రూమంత గది. రెండు ట్రెడ్‌మిల్స్. అందులో ఒకటి మేం చేరినప్పటి నుంచీ పనిచేయదు, దాని మీద బ్యాగులు పెడతాం. ఒక కేబుల్ మెషీన్, ఒక బెంచ్, ఒక పొడవాటి రాడ్డు, తుప్పు పట్టిన ప్లేట్లు, జతలు కుదరని డంబెల్స్. పోటీల్లో వాడే ప్లేట్లకి రంగులుంటాయి. ఎర్రది 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మనవి అన్నీ నలుపే. అంకె చెరిగిపోయిన ప్లేటుని ఎత్తి చూసి, నడుము చెప్పినదాన్ని బట్టి బరువు తెలుసుకోవాలి.

ఆ గదిలో రోజూ కనిపించే మనుషులకి నేను మనసులో పేర్లు పెట్టుకున్నాను.

ట్రెడ్‌మిల్ అక్క. పనిచేసే ఆ ఒక్క ట్రెడ్‌మిల్ మీద, మా తాతయ్య పొలం గట్టు మీద నడిచే స్పీడులో నడుస్తుంది. చెవిలో ఇయర్‌ఫోన్. “ఊఁ... నువ్వే చెప్పు... కాదు, నువ్వే చెప్పు.” నలభై నిమిషాలు ఇదే సంభాషణ. ఆ రెండోవాడు ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలీదు.

రీల్స్ బ్యాచ్. అద్దానికి ఫోన్ ఆనించి, ముగ్గురూ తలో డంబెల్ పట్టుకుని పదకొండు టేకులు. పన్నెండో టేకులో నేను వెనకాల ఎర్రటి మొహంతో నీళ్ళు తాగుతూ కనిపిస్తాను. “అక్కా, కొంచెం పక్కకి. ఫ్రేమ్‌లో పడుతున్నావు.” జిమ్‌లో ఎక్సర్‌సైజ్ చేస్తున్న మనిషి అడ్డం అన్నమాట.

సలహాల రాణి. మూడు వారాలు యూట్యూబ్ చూసింది. మనం చేస్తుంటే పక్కన నిలబడి “మోచేతులు అలా కాదు” అంటుంది. చిరాకు ఏంటంటే, సగం సార్లు ఆమె చెప్పింది కరెక్టే.

ఇక పాటలు. స్పీకర్ ఒకటే. ఎవరి ఫోన్ ముందు కనెక్ట్ అయితే ఆ రోజు వాళ్ళదే రాజ్యం. గుండెలు పగిలే విరహ గీతం వింటూ స్క్వాట్స్ చేసి చూడండి, కిందికి దిగాక పైకి లేవబుద్ధి కాదు. దానికి తోడు బెంచ్ మీద ఎవరిదో చెమట అచ్చు, తల దగ్గర కొబ్బరి నూనె మరక. ఇంకా ఐదూ యాభైకే తలుపు దగ్గర అబ్బాయిల చెప్పుల చప్పుడు, మధ్యమధ్యలో ఒక తల లోపలికి వచ్చి “అయిపోయిందా?” అని అడగడం.

వీటన్నిటినీ మించినవి ప్లేట్లు. పొద్దున ఎవరో బెంచ్ ప్రెస్ చేసి, రాడ్డుకి అటు నలభై, ఇటు నలభై కిలోలు అలాగే వదిలేసి వెళ్ళిపోతారు. మేం ఐదింటికి వచ్చేసరికి రాడ్డు మాకోసం వంద కిలోలతో ఎదురుచూస్తూ ఉంటుంది. నేను ఎత్తేది ఒట్టి రాడ్డు, బాగున్న రోజు ఇంకో రెండున్నర, రెండున్నర. ఆ ఇరవై కిలోల ప్లేట్లని ఒక్కొక్కటే లాగి, పొట్టకి ఆనించుకుని, గోడ దాకా మోసుకెళ్ళి పెట్టేసరికి పది నిమిషాలు పోతాయి. ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టక ముందే ఎక్సర్‌సైజ్ అయిపోతుంది.

రాత్రి ఫోన్‌లో అమ్మకి ఇవన్నీ చెప్పేదాన్ని. అమ్మ అంతా విని ఒకే మాట అనేది. “నలుగురితో ఉన్నప్పుడు సర్దుకుపోవాలమ్మా.” మెస్‌లో సాంబారు నీళ్ళలా ఉందన్నా అదే మాట. రూమ్మేట్ రెండింటి దాకా లైటు ఆపడం లేదన్నా అదే మాట. చిన్నప్పటి నుంచీ స్కూల్లో ఇంగ్లీషే కాబట్టి నేను దాన్ని తలలో ‘అడ్జస్ట్’ అని మార్చుకునేదాన్ని. మార్చుకుని, నిజంగానే సర్దుకుపోయేదాన్ని. నోరు మూసుకుని, లోపల మాత్రం ఒక లిస్టు రాసుకుంటూ.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డెడ్‌లాక్ మొదలైంది. డైక్‌స్ట్రా 1965లో ఇచ్చిన లెక్క మీకు తెలిసిందే. గుండ్రటి బల్ల చుట్టూ ఐదుగురు తత్వవేత్తలు, మధ్యమధ్యలో ఐదు ఫోర్కులు. తినాలంటే ఒక్కొక్కరికి రెండు కావాలి. అందరూ ఎడమ వైపుది తీసుకుని కుడి వైపుదాని కోసం ఆగితే, అందరూ పస్తే. క్లాసులో అందరూ నోట్స్ రాసుకుంటుంటే నాకు మాత్రం ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది. ఐదు కిలోల డంబెల్స్ మన జిమ్‌లో రెండే. ఒకటి నా చేతిలో ఉంది, ఇంకోటి మెకానికల్ అమ్మాయి కాళ్ళ దగ్గర ఉంది. ఆమె నాది ఎప్పుడు వదులుతానా అని చూస్తోంది, నేను ఆమెది ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నాను. ఇద్దరం అద్దంలో ఒకరినొకరు చూసుకుంటూ ఆరు నిమిషాలు ఉత్తినే నిలబడ్డాం.

కాఫ్‌మన్, ఇంకో ఇద్దరు 1971లో చెప్పినదాని ప్రకారం డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు కలవాలి. వస్తువుని ఒకసారికి ఒక్కరే వాడగలగాలి. ఒకటి పట్టుకుని ఇంకోదాని కోసం ఆగాలి. ఎవరి చేతిలోంచీ లాక్కోవడం కుదరకూడదు. ఒకరి కోసం ఒకరు చక్రంలా ఆగి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తెగినా ముడి విడిపోతుంది. ప్రాసెస్‌లకి నోరు ఉండదు కాబట్టి ఇన్ని అల్గారిథమ్స్ రాశారు. మా ఇద్దరికీ నోరుంది. “నీది అయ్యాక నాకిస్తావా?” అని ఒక్కరం కూడా అడగలేదు.

ఇది క్లాసులో బాగా అర్థమైంది. జిమ్‌లో మాత్రం ఏమీ మారలేదు. అర్థం కావడానికీ అడగడానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని ఆ సిలబస్‌లో లేదు.

ఇక ఆ మంగళవారం. పొద్దున మిడ్ పేపర్లు ఇచ్చారు, ముప్పైకి పదకొండు. మధ్యాహ్నం ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ కాలేదు. ఐదూ ఇరవైకి జిమ్‌లోకి అడుగుపెడితే ట్రెడ్‌మిల్ మీద “నువ్వే చెప్పు”, స్పీకర్‌లో విరహ గీతం, బెంచ్ మీద వంద కిలోలు. అంతే, నాలో ఏదో తెగింది. రోజూ అయితే అటు ఒకటి, ఇటు ఒకటి చొప్పున తీసేదాన్ని, ఎవరో చెప్పారు గనక. ఎందుకలా తీయాలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు అటూ ఇటూ తిరిగే ఓపిక లేదు. ఎడమ వైపు నిలబడి మొదటి ప్లేటు లాగి నేల మీద పడేశాను. అందరికీ వినబడాలనే పడేశాను. రెండోది కూడా లాగాను.

అది నా చేతిలోకి వచ్చిన క్షణంలోనే రాడ్డు ఎడమ కొస పైకి లేచింది. నా చెవి పక్క నుంచి గాలి కొట్టింది. కుడి వైపు నలభై కిలోలూ నేల మీద పడి గది మొత్తం అదిరింది. రాడ్డు స్టాండ్ మీంచి ఎగిరి, గోడకి తగిలి, గణగణమంటూ దొర్లింది. పాట మాత్రం ఆగలేదు.

కుడి వైపు నేల మీద ఫస్టియర్ అమ్మాయి ఒకతి కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని. ఆమె పాదానికి జానెడు దూరంలో టైల్ రెండు ముక్కలై ఉంది.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే ఇది ఇంటర్ ఫిజిక్స్. రాడ్డు బరువు 20 కిలోలు, అది మధ్యలో పనిచేస్తుంది. మన పాత బెంచ్‌కి స్టాండ్ కాళ్ళు బాగా దగ్గరగా ఉంటాయి, ప్లేట్లు వాటికి చాలా బయట వేలాడతాయి. ఒక వైపు మొత్తం ఖాళీ చేసి రెండో వైపు నలభై ఉంచితే, కుడి స్టాండ్ కాలు త్రాసు ముల్లు అయిపోతుంది. ఆ వైపు టార్క్ గెలుస్తుంది, రాడ్డు తిరగబడుతుంది. అందుకే అటు ఒకటి, ఇటు ఒకటి తీయాలి. ఇంటర్‌లో టార్క్ చాప్టర్‌కి నాకు ఫుల్ మార్కులు.

నేను వణుకుతూ వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూలబడ్డాను. “తగిలిందా? చూడనీ. తగిలిందా?” అని అదే మాట పదిసార్లు అడిగాను. “లేదక్కా” అంది. ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగితే కాసేపు చెప్పలేదు. తర్వాత మెల్లగా చెప్పింది.

“బెంచ్ ఖాళీ అవుతుందేమో అని కూర్చుంటున్నా అక్కా. మీరు సెట్‌కీ సెట్‌కీ మధ్య ఫోన్ చూసుకుంటారు కదా. అడిగితే ఏమనుకుంటారో అని.”

“ఎన్ని రోజుల నుంచి?”

“పోయిన వారం నుంచి.”

నా లిస్టులో అందరూ ఉన్నారు. నేను లేను. బెంచ్ మీద కూర్చుని, రెండు నిమిషాల రెస్ట్ అని ఫోన్ తీసి, ఐదు నిమిషాలు స్క్రోల్ చేసే మనిషికి ఆ అమ్మాయి మనసులో ఏం పేరు పెట్టుకుందో ఇప్పటికీ అడిగే ధైర్యం చేయలేదు. క్లాసులో దీన్ని స్టార్వేషన్ అంటారు. వరస తప్పకుండా వేరేవాళ్ళకే వెళ్తుంటే, మెతకగా ఉండే ప్రాసెస్‌కి ఎప్పటికీ టర్న్ రాదు. దానికి పుస్తకంలో ఉన్న మందు ఏజింగ్. ఎంతసేపు ఆగితే అంత ప్రయారిటీ పెంచుకుంటూ పోవాలి. కానీ ఎవరు ఎంతసేపటి నుంచి ఆగుతున్నారో తెలియాలంటే ముందు ఫోన్ మీంచి తలెత్తి చూడాలి కదా.

చప్పుడుకి పీడీ సార్ వచ్చారు. టైల్ చూశారు, నన్ను చూశారు. “ఎవరు?” అన్నారు. “నేనే సార్” అన్నాను. వెంటనే “ప్లేట్లు అబ్బాయిలు వదిలేశారు సార్” అని కూడా అన్నాను. రెండూ నిజమే. రెండో మాట మొదటి మాటని తగ్గించదని అంటుండగానే తెలిసింది.

ఐదూ యాభైకి చెప్పుల చప్పుడు. ఈసారి నేనే తలుపు తీశాను. ఫైనలియర్ వాళ్ళు ముగ్గురు. టైల్ చూపించి జరిగింది చెప్పాను. గొడవ అవుతుందనే అనుకున్నాను. అందులో ఒకరు తల గోక్కుంటూ, “ఆ ప్లేట్లు నావేనమ్మా. సాయంత్రం మళ్ళీ నేనే కదా వచ్చేది, తీసి పెట్టడం ఎందుకని వదిలేస్తున్నా. మధ్యలో రాడ్డు ఎవరైనా వాడతారని తెలీదు. అమ్మాయిలు ట్రెడ్‌మిల్ వరకే అనుకున్నాం” అన్నారు.

కావాలని చేయలేదు. మేం ఉన్నామనే తెలీదు. ఏది ఎక్కువ బాధో నాకు తేల్చుకోవడం రాలేదు. ఆ రాత్రి పడుకున్నాక కరణం మల్లీశ్వరి గుర్తొచ్చారు. మా జిల్లా మనిషే, ఊసవానిపేట. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే ఆవిడ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అది జరిగి పాతికేళ్ళు. ఆడవాళ్ళ పోటీ రాడ్డు 15 కిలోలు ఉంటుంది, మగవాళ్ళది 20. మన జిమ్‌లో ఆ పదిహేను కిలోల రాడ్డే లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ కొనలేదు. వాళ్ళకి మేం కనబడకపోవడంలో మా మౌనానికి కూడా కొంచెం వాటా ఉంది.

మర్నాడు మేం ఏడుగురం కలిసి పీడీ సార్‌కి ఒక లెటర్ రాశాం. రెండే అడిగాం. వాడిన ప్లేట్లు ఎవరివి వాళ్ళు గోడ దగ్గర పెట్టాలని నోటీసు పెట్టాలి. పొద్దున కూడా మాకు టైమ్ కావాలి. సంతకాల దగ్గర ట్రెడ్‌మిల్ అక్క అందరికంటే ముందు పెన్ను తీసుకుంది. ఆవిడ పక్కన నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి. సాయంత్రం హాస్టల్‌లో రూమ్మేట్స్ ముందు మాట్లాడడం కుదరక ట్రెడ్‌మిల్ మీద మాట్లాడుతుందట. “నీకు కావాలంటే అడగొచ్చు కదే, దిగిపోతా” అంది. ఇన్నాళ్ళూ అడగలేదు కదా అని నవ్వింది కూడా.

అన్నీ బాగైపోయాయని చెప్పను. పొద్దున టైమ్ అడిగితే వారానికి రెండు రోజులు, ఏడు నుంచి ఎనిమిది వరకు, అదీ ట్రయల్ అన్నారు. పదిహేను కిలోల రాడ్డు ‘నెక్స్ట్ బడ్జెట్‌లో చూద్దాం’ దగ్గర ఉంది. ప్లేట్లు వారంలో నాలుగు రోజులు గోడ దగ్గర ఉంటాయి, రెండు రోజులు ఉండవు. ఉండని రోజు అటు ఒకటి, ఇటు ఒకటి తీస్తాను. ఆరింటికి ఆ అన్న కనబడితే “అన్నా, ఇవాళ మర్చిపోయారు” అని చెబుతాను. రీల్స్ బ్యాచ్ ఇంకా ఉంది. విరహ గీతాలకి మాత్రం నిజంగానే సర్దుకుపోయాను. అన్నిటి మీదా యుద్ధం చేస్తే నలభై నిమిషాలూ అందులోనే పోతాయి.

బెంచ్ మీద ఇప్పుడు నేనూ, ఆ ఫస్టియర్ అమ్మాయీ మార్చి మార్చి చేస్తాం. నా సెట్ ఆమెకి రెస్ట్, ఆమె సెట్ నాకు రెస్ట్. ఫోన్ తీయడానికి టైమే ఉండదు. ఎవరైనా పక్కన నిలబడి ఉంటే “ఇంకో రెండు సెట్లు, మధ్యలో నువ్వు కూడా చేసుకుంటావా?” అని ముందే అడుగుతాం. ఈ వాక్యానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. ఇది చెప్పడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

అమ్మ మాటలో సగం నాకు అప్పుడు అర్థం కాలేదని ఇప్పుడనిపిస్తుంది. సర్దుకుపోవడం అంటే మనం ముడుచుకుని జరగడం. సర్దడం అంటే వస్తువుని దాని చోట పెట్టడం. రెండూ ఒకే మాటలోంచి వచ్చినా పనులు వేరు. ఇంగ్లీషులో ఆలోచించినన్నాళ్ళూ నాకు ఒక్క ‘అడ్జస్ట్’ మాత్రమే కనబడింది.

మూడు నెలలుగా నా డేట్లు కాస్త దారిలోకి వచ్చాయి. జిమ్ వల్లా, మెస్ బజ్జీలు మానేయడం వల్లా అన్నది డాక్టరమ్మ సెలవుల్లో చూసి చెబుతానంది. రాడ్డు సంగతి, టైల్ సంగతి అమ్మకి చెప్పలేదు. చెబితే జిమ్ మానిపిస్తుంది. కానీ మొన్న ఫోన్‌లో మొదటిసారి తనే అడిగింది.

“ఏటే, ఎంత ఎత్తుతున్నావేటి ఇప్పుడు?”

“రాడ్డుతో కలిపి ముప్పై కిలోలమ్మా.”

“అంటే మన నిండు గ్యాస్ బండంత.” కాసేపు ఆగింది. “ఇరవై ఏళ్ళుగా నేను ఎత్తుతూనే ఉన్నాను కదే, నాకెవరూ చప్పట్లు కొట్టలేదు.”

ఇద్దరం నవ్వాం. పెట్టేసే ముందు, రోజూ చెప్పే జాగ్రత్తల్లో ఒకటిలా, మామూలుగానే అంది.

“ఎత్తాక మళ్ళీ దాని చోట దాన్ని పెట్టమ్మా. దారిలో వదిలేస్తే ఎవరి కాళ్ళ మీదైనా పడుద్ది.”